తేలిక వద్దనుకున్నాను

నమోదు 1

తేలిక వద్దన్నవాళ్లు తమకు ఏమనిపిస్తోందో రాసి వైద్యశాలకు ఇస్తూ ఉండాలట. ఇలాంటి నియమం ఒకటుందని డాక్టర్ విభావరి గారికే తెలియదు. ఇంతవరకూ మా లంకలో ఎవరూ వద్దనలేదు కాబట్టి ఆ అవసరం రాలేదు. నేను వద్దన్నాక పాత నిబంధనలు తిరగేసి పట్టుకున్నారు.

"ఏం రాయాలండీ?" అని అడిగాను.

"ఏమనిపిస్తే అది రాయండి ఎలీషమ్మ గారూ. మీ లోపల ఏం జరుగుతుందో నాకు చూడాలనుంది. నిబంధన సంగతి అలా ఉంచండి, నాకే ఆసక్తిగా ఉంది," అన్నారావిడ. ఇన్నేళ్లుగా వైద్యం చేస్తున్నా, పెద్ద దుఃఖాన్ని అలాగే లోపల పెట్టుకుని తిరిగే మనిషిని చూడటం ఆవిడకిదే మొదటిసారట.

సరే. నాది మంచినీళ్ల గదిలో పని. సముద్రపు నీళ్లను తాగేనీళ్లుగా మార్చే యంత్రాల్లో వడపోత పొరలుంటాయి. వాటిని విప్పి, కడిగి, మళ్లీ బిగిస్తుంటాను. పోయిన వారం నా తమ్ముడు ఆశీర్వాదం చనిపోయాడు. వాడు నాచుతోటలో నీళ్లలోకి దిగి చిక్కుపడ్డ తాళ్లు విడదీసేవాడు. మనిషి కింద ఉన్నప్పుడు, పక్కకి తప్పుకున్నానని అతను వదిలే పసుపు బుడగ పైకి తేలేదాకా తాడు చుట్టే యంత్రం మీట ముట్టుకోకూడదు. ఆ రోజు మీట దగ్గరున్న సారంగ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ బుడగ చూడకుండానే నొక్కేశాడు. నేను తమ్ముడికి అన్నం పట్టుకొచ్చి అక్కడే అంచున నిలబడి ఉన్నాను. అంతా చూశాను.

సారంగ పరాయివాడు కాదు. ఆశీర్వాదానికి చిన్ననాటి స్నేహితుడు. వాళ్లింట్లో కంటే మా ఇంట్లోనే ఎక్కువ అన్నం తిని ఉంటాడు. నన్ను అక్కా అనే పిలుస్తాడు.

ఇలాంటిది జరిగితే మా దగ్గర కారణమైనవాణ్ణీ, పోయినవాడి మనిషినీ ఇద్దరినీ తేలిక గదికి తీసుకెళ్లి, ఆ జ్ఞాపకాన్ని తలలోంచి తీసేస్తారు. బయటికొచ్చాక మనిషి పోయాడని తెలుస్తుంది. ఎలా పోయాడో, ఎవరి వల్ల పోయాడో తెలియదు. మర్నాటి నుంచి ఇద్దరూ మామూలుగా పనిలోకి వెళ్తారు. నీళ్ల మీద తేలే ఊరు మా లంక. ఒకరి మీద ఒకరికి కోపమొస్తే విడిపోయి బతకడానికి ఇందులో ఇంకో చోటు లేదు. అందుకని పెద్దవాళ్లు ఈ ఏర్పాటు చేశారు. అది చెడ్డదని నేనెప్పుడూ అనుకోలేదు.

మరి ఎందుకు వద్దన్నాను? మా విశ్వాసంలో క్షమించడం అనే పని ఒకటుంది. చిన్నప్పటి నుంచీ దాని గురించి వింటున్నాను, రోజూ ప్రార్థనలో ఆ మాట పలుకుతున్నాను. కానీ ఈ ఊళ్లో పుట్టినదాన్ని కాబట్టి నిజంగా చేయవలసిన అవసరం రాలేదు. ఇప్పుడొచ్చింది. జరిగినదాన్ని తలలోంచి తీసేస్తే ఇక క్షమించడానికి ఏం మిగులుతుంది?

అదెలా ఉంటుందో నాకు తెలియదు. తెలుసుకోవాలనుంది.

నమోదు 2

భోజనశాలలో ఇవాళ నా బల్ల చుట్టూ జనం చేరారు. నాచు ఆరబెట్టే చోట పనిచేసే ఒకావిడ, పంటినొప్పి గురించి అడిగినట్టు, "ఎక్కడుంటాదండీ ఆ బాధ?" అని అడిగింది.

ఆలోచించి గొంతు కింద చూపించాను.

"ఎప్పుడూ ఉంటాదా, వచ్చిపోతా ఉంటాదా?"

"ముద్ద మింగేటప్పుడు ఎక్కువగా ఉంటుందండీ."

ఆవిడ చాలాసేపు నా గొంతుకేసి చూసి, తన పళ్లెంలోని వేపుడు చేప తీసి నా పళ్లెంలో పెట్టింది.

ఎవరి తలలోంచి ఏం తీశారో అడక్కూడదన్నది మా ఊరి మర్యాద. తెలిసినవాళ్లు చెప్పకూడదు కూడా. పెద్దయినవాళ్లలో దాదాపు అందరికీ ఎక్కడో ఒకచోట ఖాళీ ఉంటుంది. నాకు లేకపోవడం వాళ్లకి వింత. ఎగతాళి చేసినవాళ్లు లేరు. మా విశ్వాసాన్ని కాదన్నవాళ్లూ ఎప్పుడూ లేరు. పాతకాలపు వంటకం గురించి అడిగినట్టు అడుగుతారు, శ్రద్ధగా విని, తల ఊపి, వాళ్ల పనికి వాళ్లు వెళ్లిపోతారు. ఒక్కోసారి ఎవరైనా గట్టిగా కాదంటే బాగుండుననిపిస్తుంది. కాదనేవాడికి కనీసం అది ముఖ్యమైన విషయమని తెలుసు.

నమోదు 5

ఇవాళ ఆదివారం. ఆ పేరు మా విశ్వాసంలో ఉన్న నలుగురికే తెలుసు. ఊళ్లో ఆరు రోజులు పని, రెండు రోజులు సెలవు. మా ఏడు రోజుల లెక్క దానితో కలవదు. ఒక్కోసారి ఆదివారం సెలవులో పడుతుంది, ఒక్కోసారి పనిలో పడుతుంది. పనిలో పడితే ఎవరినో బతిమాలి మార్చుకుంటాం. మార్చుకున్నందుకు వాళ్లు వద్దనుకున్న పని మాకు అంటగడతారు. అందుకే ఊళ్లో మురుగు తొట్లు కడగడంలో మా నలుగురికీ మంచి పేరుంది.

వలల కొట్టులో కూడుకుంటాం. వలలు అల్లే భార్యాభర్తలిద్దరు, నేను, సలోమి మామ్మ. మామ్మ పూర్వం మంత్రసాని. మాకు పాదిరిగారు లేరు కాబట్టి ఆవిడే ప్రార్థన నడిపిస్తుంది. పాట మాత్రం సన్నగా పాడుకుంటాం, మమ్మల్నెవరూ ఆపరు గానీ పక్కగదిలో పని తెమిలి పడుకున్నవాళ్లుంటారు.

ఇవాళ ప్రభువు బల్ల కూడా ఉంది, ఆయన్ని తలుచుకుని రొట్టె, రసం పంచుకుంటాం. బియ్యప్పిండి రొట్టె, ఎర్రగోంగూర కాయల రసం. ద్రాక్షరసం వాడాలట గానీ, ద్రాక్షపండు మాలో ఎవరూ చూసినవాళ్లు లేరు. రొట్టె విరిచే ముందు మామ్మ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. మనసులో ఎవరి మీదైనా పగ ఉన్నవాళ్లు బల్లలో పాలు పొందకూడదు, ముందు వెళ్లి సమాధానపడి రావాలి. ఇన్నేళ్లూ ఆ మాట వచ్చినప్పుడు నేను రసం గిన్నెలో పడిన నలుసు తీస్తూనో, చెంగు సర్దుకుంటూనో ఉండేదాన్ని. ఇవాళ విన్నాను.

రొట్టె పళ్లెం నా దగ్గరకొచ్చింది. తీసుకోకుండా పక్కకిచ్చాను. మామ్మ చూసింది. రొట్టె వాసనకి ఆకలేసింది. అది ఆత్మకి వేసిన ఆకలో మామూలు ఆకలో నాకు తేలలేదు.

నమోదు 8

డాక్టర్ గారిని అడిగి తేలిక గది చూశాను. ఏమిటో తెలియకుండా వద్దనడం న్యాయం కాదనిపించింది. లోపల ఏముంటుందో అని భయపడ్డాను గానీ, ఒక పడకకుర్చీ, తలకి పెట్టే తేలికపాటి టోపీ లాంటిది, ఒక కిటికీ, అంతే. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది.

"నొప్పి ఉండదండీ," అన్నారు డాక్టర్ గారు. "ఆ రోజు, ఆ తర్వాత దానికి ముడిపడ్డ మాటలు, కోపం, అన్నీ పోతాయి."

"ఆ రోజంతానా?"

"దాదాపుగా."

ఆ రోజు పొద్దున తమ్ముడు నా చేతిలోని ఎండుచేప లాక్కుని, నీళ్లలోకి దిగే నిచ్చెన మీద కూర్చుని కాళ్లూపుకుంటూ తిన్నాడు. నేను తిట్టాను. అదీ పోతుందా అని అడిగాను. పోతుందన్నారు.

అక్కడి నుంచి వచ్చేస్తూ మామూలుగా, "సారంగకి ఎప్పుడు చేశారండీ?" అన్నాను.

ఆవిడ ఆగిపోయారు. "మీకు చెప్పలేదా? అతనికి చేయలేదు. ఇద్దరికీ కలిపే చేయాలి. ఒకరికి గుర్తుండి ఒకరికి లేకపోతే ప్రమాదమని ఊరి సభ పెట్టిన నియమం. మీరు ఒప్పుకునేదాకా అతను అలా ఉండాల్సిందే."

నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఇది నా ఒక్కదాని లోపల జరిగే విషయమనుకున్నాను.

ఉన్నదున్నట్టు రాయమన్నారు కాబట్టి ఇంకొకటి రాయాలి. ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది జాలి కాదు. వాడికీ గుర్తుందన్నమాట, బాగుంది అనిపించింది. ఇది డాక్టర్ గారు చదువుతారని తెలిసీ రాస్తున్నాను.

నమోదు 9

సారంగని చూడటానికి వెళ్లాను. ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్లాను, నీళ్ల పీపాలు సరిగా ఉన్నాయో లేదో చూస్తానని. యంత్రం దగ్గర్నుంచి తీసేసి వాణ్ణి పీపాలు తోమే పనిలో పెట్టారు.

దూరం నుంచే చూశాను. మనిషి సగమయ్యాడు. తోమిన పీపానే మళ్లీ తోముతున్నాడు. పక్కన పనిచేసేవాళ్లు వాడితో మంచిగానే ఉన్నారు, అన్నం తెచ్చి పెడుతున్నారు, నవ్వించాలని చూస్తున్నారు. కానీ ఇలాంటి మనిషితో ఏం మాట్లాడాలో వాళ్లకి తెలియదు. ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ సంగతి నాకు తెలిసి ఉండాలి, నేను విశ్వాసిని. నేనూ పీపా చాటున నిలబడి చూసి వచ్చేశాను.

నమోదు 13

ఇవాళ వాడే వచ్చాడు. నేను వడపోత పొరలు కడుగుతుంటే మంచినీళ్ల గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"అక్కా, ఒప్పేసుకో అక్కా."

నేను నీళ్లు ఆపాను.

"కళ్లు మూసుకుంటే ఆ తాడు చుట్టుకునే చప్పుడే ఇనబడతంది. యంత్రం ఆపేసినా ఇనబడతంది. పనిలో ఉన్నా అంతే. నీకూ ఇనబడతందా?"

"వినబడుతుంది."

"మరెలా ఉంటన్నావు?"

ప్రార్థన చేసుకుంటున్నానన్నాను. నిన్ను క్షమించాలని ప్రయత్నం చేస్తున్నాను, అందుకే ఇదంతా అట్టేపెట్టుకున్నానని చెప్పాను. చెబుతుంటే ఆ మాటలు నా చెవులకే గొప్పగా వినిపించాయి.

వాడు గుమ్మం పట్టుకుని నా మొహంలోకి చూశాడు. "నాకు నీ క్షమాపణ ఒద్దక్కా. నిద్ర కావాలి," అన్నాడు.

కోపంగా అన్న మాట కాదది. దాహమేసినవాడు నీళ్లడిగినట్టు అడిగాడు. అడిగి వెళ్లిపోయాడు. నేను మళ్లీ నీళ్లు వదిలి పని మొదలుపెట్టాను. కడిగిన పొరని తలకిందులుగా బిగించి, సాయంత్రం దాకా గమనించుకోలేదు.

నమోదు 14

ఉపవాసం మొదలుపెట్టాను. మా ఊళ్లో ఇదంత తేలిక కాదు. భోజనశాలలో పళ్లెం ముట్టకపోతే వెంటనే వైద్యశాలకి కబురు వెళ్తుంది. డాక్టర్ గారు పరుగున వచ్చారు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ. ఉపవాసం."

"దేనికి? తినకపోతే ఆలోచన ఇంకా మందగిస్తుంది కదా."

"అవునండీ. కానీ నాకు వచ్చే ఆలోచనలన్నీ నన్ను సమర్థించేవే వస్తున్నాయి. అవి కాస్త మందగిస్తే మంచిదేమో చూద్దామని."

ఆవిడకి నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆపి నా పక్కన కూర్చున్నారు. మీరు రాసేది చదువుతుంటే నాకు కొత్త సందేహాలు పుడుతున్నాయన్నారు. ఆవిడ బీరువాలో ఒక మెత్తటి నూలు చీర ఉందట. ఎవరో దాన్ని పసిపిల్లల పొత్తిగుడ్డలంత ముక్కలుగా కత్తిరించి, అంచులు కుట్టి, మడతలు పెట్టి ఉంచారు. కుట్టు చూస్తే తన చేతిదేనట. ఎప్పుడు కుట్టారో, ఎవరికోసం కుట్టారో తెలియదు. ఆవిడకి పిల్లలు లేరు.

"ఇన్నాళ్లూ ఎప్పుడూ ఆలోచించలేదండీ. ఏదో పాతబట్ట అనుకున్నాను. మీ నమోదులు చదివాక నిన్న తీసి చూశాను," అన్నారు. "తెలుసుకోవాలనుంది. తెలుసుకుంటే ఎలా ఉంటుందో అని భయంగానూ ఉంది. మీరైతే ఏం చేస్తారు?"

నాకు తెలియదన్నాను. కొద్దిరోజుల క్రితమైతే తెలిసినట్టే మాట్లాడి ఉండేదాన్ని.

నమోదు 15

సలోమి మామ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ కిటికీ దగ్గర గోంగూర కుండీలకి నీళ్లు పోస్తోంది. సారంగ అన్న మాట చెప్పాను. ఇద్దరికీ కలిపే చేయాలన్న నియమం చెప్పాను. నేను ఒప్పుకోకపోతే వాడి బాధకి కారణం నేనవుతున్నాను, ఒప్పుకుంటే నా విశ్వాసం ఏమైపోవాలి, దేవుడు నన్నెందుకిలా ఇరికించాడు అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

మామ్మ అంతా విని, "క్షమించేవా మరి?" అంది.

"ఇంకా లేదు మామ్మా."

"ఎప్పటికవుద్ది?"

"ఏమో."

"అయ్యేదాకా ఆ పిల్లోడు అలా ఉడికిపోతా ఉండాలా?"

కుండీలోంచి రాలిన గోంగూర ఆకు తీసి పక్కన పెట్టాను.

"ఎలీషా, నిన్నొకటడుగుతాను, కోప్పడకు. అది నీ దగ్గర అట్టేపెట్టుకున్నది వాణ్ణి క్షమించడానికా, వాడి బాధ చూస్తా కూచోడానికా?"

కోపమొచ్చింది. లేచి వచ్చేయాలనుకున్నాను. ఉపవాసం వల్ల లేస్తే కళ్లు తిరిగి, మళ్లీ అక్కడే కూర్చున్నాను. మామ్మ గ్లాసుతో నీళ్లిచ్చింది. తాగుతుంటే ఏడుపొచ్చింది. తమ్ముడు పోయినప్పటి ఏడుపు వేరు, ఇది వేరు. వాడూ అది మోస్తూ నిద్రలేకుండా ఉంటే నేను ఒంటరిదాన్ని కాదన్న ధైర్యం నాకుండేది. వాణ్ణి వదిలేస్తే ఆ రోజుని మోసేది ఈ లోకంలో నేనొక్కదాన్నే అవుతాను.

"ఏం చెయ్యాలి మామ్మా?"

"నాకేం తెలుసమ్మా. నీకు తెలుసు. ముందు ఈ గంజి తాగు," అంది.

నమోదు 17

డాక్టర్ గారితో చెప్పేశాను. సారంగకి తేలిక చేయండి. నాకు కూడా చేస్తేగానీ వీలుకాదంటే, నాకూ చేయండి. ఆ నిచ్చెన, ఆ ఎండుచేప, అన్నీ పోతే పోనివ్వండి.

ఆవిడ వెంటనే ఒప్పుకుంటారనుకున్నాను. ఆవిడ కుర్చీలోంచి లేచి గదిలో అటూ ఇటూ తిరిగారు.

"మీకు వద్దు. అతనికొక్కడికే చేస్తానని సభని అడుగుతాను."

"నియమం ఒప్పుకోదన్నారుగా?"

"నియమం పెట్టినవాళ్లు మీలాంటి మనిషిని చూసి పెట్టలేదండీ. గుర్తున్న మనిషి పగ తీర్చుకుంటుందని పెట్టారు. మీరు రాసిందంతా నేను చదివాను కదా. ఎనిమిదో నమోదు కూడా చదివాను," అన్నారు.

సిగ్గుతో తల దించుకున్నాను. "అది చదివే అంటున్నానండీ," అన్నారావిడ.

నమోదు 18

సభలో నిలబెట్టారు. సభాపెద్ద మర్యాదస్తుడు. కూర్చోమని, చల్లటి నీళ్లిప్పించి మాట్లాడాడు.

"అతను ఎదురుపడినప్పుడల్లా మీకు గుర్తొస్తుంది. అతనికి రాదు. నవ్వుతూ పలకరిస్తాడు. తట్టుకోగలరా అమ్మా?"

"తెలియదండీ. ఇంతవరకూ ఎవరూ చూసినట్టు లేదు. చూస్తాను."

"అతన్ని వేరే లంకకి పంపిస్తే?"

"అప్పుడది క్షమించడం కాదండీ, దూరం పెట్టడం."

పక్కన కూర్చున్నవాళ్లు గుసగుసలాడుకున్నారు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. తాడు లాగింది తనేనని సారంగకి నేను ఎన్నటికీ చెప్పకూడదు. సరేనన్నాను. కానీ నాదీ ఒక మాట వినమన్నాను. చెప్పనని మాటిస్తాను, అడిగితే మాత్రం అబద్ధమాడలేను. మా క్రమం అది.

సభాపెద్ద నవ్వాడు. "ఈ ఊళ్లో అలాంటివి ఎవరూ అడగరు లెండి," అన్నాడు.

నమోదు 19

రేపు సారంగకి తేలిక. ఇవాళ మధ్యాహ్నం వాడి గదికి వెళ్లాను. నన్ను చూసి మంచం మీంచి లేవబోయాడు. వద్దని, పక్కనే కూర్చున్నాను.

ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్లాను. అక్కడికెళ్లాక ఒక్క మాటా గుర్తురాలేదు. మనసులో ప్రేమ పొంగుతుందనుకున్నాను, అలాంటిదేమీ జరగలేదు. గొంతు కింద బాధ అలాగే ఉంది. క్షమించాలంటే ముందు అది పోవాలని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. అది పోకుండానే వాడి చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి పీపాలు తోమీ తోమీ గరుకుగా ఉంది.

"నువ్వు చూసుకోకుండా తాడు లాగావు. ఆశీర్వాదం చచ్చిపోయాడు," అన్నాను. మా ఇద్దరి మధ్య ఆ మాట ఎవరూ పైకి అనలేదు అప్పటిదాకా. వాడు కళ్లు మూసుకున్నాడు. "నిన్ను క్షమించానురా సారంగా. ఇంక నువ్వు నాకు ఏమీ బాకీ లేవు."

వాడు చాలాసేపు ఏడ్చాడు. భోరున కాదు, చలి పుట్టినవాడు వణికినట్టు ఏడ్చాడు. నేను వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను. కాస్త కుదుటపడ్డాక ముక్కు తుడుచుకుంటూ అడిగాడు.

"రేపటికి ఇదేవీ నాకు గుర్తుండదు కదక్కా?"

"ఉండదు."

"మరెందుకు చెప్పడం?"

"నాకు గుర్తుంటుందిగా," అన్నాను.

డాక్టర్ గారూ, మీరు తప్పకుండా అడుగుతారు కాబట్టి ముందే రాస్తున్నాను. చెప్పాక తేలికగా అనిపించలేదు. బరువు అంతే ఉంది. కానీ ఇదివరకు ఆ బరువు నన్ను లాగుతూ ఉండేది, ఇప్పుడు దాన్ని నేను మోస్తున్నట్టుంది. ఇంతకంటే వివరంగా చెప్పడం నాకు రాదు.

నమోదు 22

ఆదివారం. బల్లలో పాలు పొందాను. గోంగూర రసం ఈసారి మరీ పుల్లగా ఉంది, వలలాయన మొహం చిట్లించాడు, అందరికీ నవ్వొచ్చింది.

డాక్టర్ విభావరి గారు వచ్చి వెనకాల వలల కుప్ప మీద కూర్చున్నారు. ఊరికే చూడటానికొచ్చానన్నారు. పాడుతుంటే పెదవులు కదపలేదు గానీ కాలివేలితో తాళం వేశారు. అయిపోయాక సలోమి మామ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. మామ్మ మంత్రసానిగా ఎన్ని గదుల్లో ఏం చూసిందో ఆవిడకే తెలుసు. ఊరి మర్యాద ప్రకారం చెప్పకూడదు. డాక్టర్ గారు అడగలేదు. కానీ చేతులు వెనక్కి తీసుకోలేదు. "మళ్లీ వచ్చే ఆదివారం ఎప్పుడు?" అని మాత్రం అడిగి, లెక్క కట్టించుకుని వెళ్లారు.

నమోదు 27

సారంగ కోలుకున్నాడు. ఒళ్లు చేశాడు. భుజం నొప్పి వల్ల యంత్రం పని మాన్పించారని చెప్పి, నాచు ఆరబెట్టే పనిలో వేశారు. నమ్మాడు. నేను కనిపిస్తే ఎంత దూరాన ఉన్నా "అక్కా!" అని కేకేస్తాడు. మొదటిసారి ఆ కేక విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న గొట్టం కింద పడేసి, యంత్రాల వెనక్కి వెళ్లి, మళ్లీ మొదటి నుంచీ క్షమించి వచ్చాను. ఒకసారి చేస్తే అయిపోయే పనేమో అనుకునేదాన్ని. కాదు. కొన్ని పూటలు అక్కర్లేదు, కొన్ని పూటలు రెండుమూడు సార్లు చేయాల్సి వస్తోంది.

నమోదు 31

నాచు ఆరబెట్టే చోటికి మంచినీళ్ల పీపా తీసుకెళ్లాను. మంచి ఎండగా ఉంది. సారంగ తడినాచు తీగల మీద పరుస్తున్నాడు. నన్నూ ఒక చెయ్యి వేయమన్నాడు. ఇద్దరం చెరోవైపు నిలబడి పరుస్తున్నాం.

"అక్కా, ఆడు పోయిన రోజు నేనెక్కడున్నానక్కా? ఎంత ఆలోచించినా గుర్తురాటంలేదు."

నా చేతులు ఆగిపోయాయి. ఎవరూ అడగరన్నారు కదా అనుకున్నాను.

"దగ్గర్లోనే ఉన్నావు," అన్నాను.

"తాడు ఎవరు లాగేరో నీకు తెలుసంట కదా. నువ్వు తేలిక ఒద్దన్నావంట, అందరూ అనుకుంటన్నారు."

"తెలుసు. చెప్పనని మాటిచ్చాను. అడక్కు."

"అడగను. నాకెందుకది." నాచు దులిపి పరిచాడు. ఇంకో గుప్పెడు తీస్తూ మళ్లీ, "ఆ మడిసి మీద కోపం లేదా నీకు?"

"ఉండేది. ఇప్పటికీ వస్తూ ఉంటుంది. వచ్చినప్పుడల్లా మళ్లీ క్షమిస్తాను."

"ఆయనకి తెలుసా ఆ సంగతి?"

"ఒకసారి చెప్పాను."

"ఏవన్నాడు?"

"ఏడ్చాడు. తర్వాత తేలిక చేశారు. మర్చిపోయాడు."

సారంగ పని ఆపేశాడు. ఎండకి కళ్లు చికిలించి నాకేసి చూస్తూ నిలబడ్డాడు. వాడు ఏమనుకుంటున్నాడో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

"మళ్లీ చెప్పక్కా ఆయనకి," అన్నాడు. "ఎందుకు చెబుతున్నావో ఆయనకి తెలీకపోయినా పరవాలేదు. ఊరికే చెప్పు. నేనైతే ఇనాలనుకుంటాను."

"ఎలా చెప్పమంటావు?"

"ఎలా ఏవుంది? మడిసిని చూసి చెప్పెయ్యడవే."

గాలికి తడినాచు రెపరెపలాడుతోంది. దాన్ని చేత్తో పక్కకి నెట్టి వాడి మొహం చూశాను.

"నిన్ను క్షమించానురా," అన్నాను.

వాడు తల ఊపాడు. "బాగుందక్కా. అలాగే చెప్పు," అని, నా చేతిలోని నాచు అందుకుని తీగ మీద వేశాడు.